నల్గొండలో ఏ వైపు ఇల్లు? ముందు వంటింటి నల్లా విప్పి చూడండి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. ఆమె భర్త బ్యాంకు ఉద్యోగి. నల్గొండకు బదిలీ అయింది, బ్రాంచి క్లాక్‌టవర్ దగ్గర. ఆమెది హైదరాబాద్ హైటెక్ సిటీలో ఉద్యోగం. వారానికి రెండు రోజులు ఆఫీసుకు పోవాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. పాపకు నాలుగేళ్లు, ఎల్‌కేజీలో వేయాలి. 66 ఏళ్ల అత్తమ్మకు రెండు మోకాళ్లూ నొప్పి, అయినా పొద్దున గుడికి పోయి రానిదే ఆమెకు తోచదు. కిరాయికి నెలకు 12 వేల దాకా పెట్టగలరు.

రెండు ఆదివారాలు తిరిగి మూడు ఇళ్లు తేల్చుకున్నారు. ఒకటి రామగిరిలో పాత ఇంటి మొదటి అంతస్తు, కిరాయి 11 వేలు. గల్లీ ఇరుకు, కారు లోపలికి రాదు. రెండోది హైదరాబాద్ రోడ్డులో లిఫ్టున్న అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, అదే పై అంతస్తు. 13,500, మెయింటెనెన్స్ వేరే. మూడోది మర్రిగూడ బైపాస్ దాటి చెర్లపల్లి వైపు కొత్త వెంచర్‌లో విడి ఇల్లు. 9 వేలే, కారు పెట్టుకోవచ్చు, రోడ్డు నుంచి 700 మీటర్లు లోపలికి ఉంది.

"ఆయనకు బ్యాంకు దగ్గరుండాలి, రామగిరి అంటారు. నాకు గుమ్మం ముందు హైదరాబాద్ బస్సు ఉండాలి. నల్గొండలోనే స్థిరపడిన మా ఆడబిడ్డ భర్త మూడో ఇంట్లో దిగమంటారు, పక్కనే ప్లాటు కొనమంటారు, కిరాయి దండగంటారు. మా దగ్గర 18 లక్షలున్నాయి. అత్తమ్మనడిగితే 'నాకెక్కడైనా ఒకటే బిడ్డా' అంటుంది. నల్గొండ అంటేనే ఫ్లోరైడ్ అని మా అమ్మ భయపెడుతోంది. మూడు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ. నేను నా సుఖమే చూసుకుంటున్నానా?" అని అడిగారు.

సమాధానం

వారానికి రెండుసార్లు చీకటితో లేచి హైదరాబాద్ పోయి వచ్చే మనిషి బస్సు గురించి ఆలోచించడం స్వార్థం కాదమ్మా. ఆ మాట మనసులోంచి తీసేయండి. నాకు కొరతగా కనిపించింది వేరే. మూడు ఇళ్లకూ కిరాయి రాశారు, అంతస్తు రాశారు, కారు పట్టేదీ పట్టనిదీ రాశారు. వంటింట్లో ఏ నీళ్లు వస్తాయో ఒక్క ఇంటికీ రాయలేదు. నల్గొండలో ఇల్లు చూడడం అక్కడి నుంచి మొదలుకావాలి.

మీ అమ్మగారి భయం ఉత్తది కాదు, అలాగని ఊరంతటికీ ఒకేలా వర్తించేదీ కాదు. ఈ నేల కింద గ్రానైటు. ఆ రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. లోపలికి ఇంకిన నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి వాటిని కరిగించుకుంటుంది. అందుకే ఒకే గల్లీలో రెండు బోర్లకు రెండు లెక్కలు వస్తాయి. పక్కింటి బోరు బాగుందంటే మీ బోరు బాగున్నట్టు కాదు. పట్టణానికి వచ్చే నల్లా నీళ్ల సంగతి వేరు, అవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పానగల్ ఉదయసముద్రానికి తెస్తారు. అక్కడి నుంచి శుద్ధి చేసి ఊరికి ఇస్తారు. కాబట్టి మీరు అడగాల్సింది నల్గొండలో ఫ్లోరైడ్ ఉందా అని కాదు. ఈ ఇంట్లో అన్నం ఏ నీళ్లతో వండుతారు అని అడగాలి.

మీ పాప వయసుకు ఇది ముఖ్యం. పాల పళ్లు ఊడాక వచ్చే పళ్ల పింగాణీ పొర (ఎనామెల్) దాదాపు ఎనిమిదేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది. ఆ లోపల ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద పడే మరకలు జన్మంతా పోవు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని మన భారతీయ ప్రమాణం. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చంటుంది, అంతకు మించకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు దాన్ని ఆపలేవు, ఆర్వో ఆపుతుంది. చాలామంది టీడీఎస్ మీటరు ముంచి తక్కువ చూపించింది కదా అని నిశ్చింతగా ఉంటారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. తాగడానికి క్యాను తెప్పించుకుని వంట బోరు నీళ్లతో చేసే ఇళ్లూ ఉన్నాయి. అన్నం, పప్పు, చారు అన్నింట్లో పోసేది నీళ్లే కదా, అవీ కడుపులోకే పోతాయి. స్నానానికి, బట్టలకు, గిన్నెలు కడగడానికి మాత్రం బోరు నీళ్లు వాడితే ఏ భయమూ లేదు.

ఇక ఇల్లు చూడడానికి పోయినప్పుడు చేయాల్సిన అసలు పని. "నల్లా ఉందా?" అంటే ఇంటాయన ఉందనే అంటారు, అది నిజమే అయ్యుంటుంది. మీరు సంపు మూత తీయించండి. లోపలికి ఎన్ని పైపులు దిగుతున్నాయో చూడండి. చాలా ఇళ్లలో నల్లా పైపు, బోరు పైపు రెండూ ఒకే సంపులో పడతాయి. నల్లా రాని రోజు బోరు వేస్తారు, రెండూ కలిసి పైన సింటెక్స్ ట్యాంకుకు ఎక్కుతాయి, వంటింటి నల్లాలోకి ఆ కలిసిన నీళ్లే వస్తాయి. పేరుకు కృష్ణా నీళ్లు, గిన్నెలో పడేది సగం బోరు. ఇలా ఉందని ఇల్లు వదులుకోనక్కర్లేదు. నల్లా లైను సంపులో పడకముందే ఒక టీ జాయింటు వేసి, 200 లీటర్ల మూత డ్రమ్ములోకి విడిగా పట్టుకుంటే చాలు. నలుగురికి తాగడానికీ వంటకూ రోజుకు 30, 40 లీటర్లు పడతాయి. ఆ డ్రమ్ము ఐదారు రోజులు వస్తుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఇంటాయనతో ఈ మాట ఖాయం చేసుకోండి. తర్వాత అడిగితే "మేమూ ఇవే తాగుతున్నం" అంటారు.

నల్లా ఎన్ని రోజులకోసారి, ఏ వేళకు, ఎంతసేపు వస్తుందో పక్కింటి వాళ్లనడగండి, ఇంటాయనను కాదు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మిషన్ భగీరథ లెక్క. నలుగురికి 540. రోజు విడిచి రోజు వస్తే 1,080 లీటర్లు నిలవ ఉంచుకోవాలి. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న సంపులో 1,800 లీటర్లు పడతాయి, మీకు సరిపోతుంది. లైనుకు నేరుగా మోటరు బిగించి లాగే గల్లీ అయితే చివరి ఇళ్లకు గాలే మిగులుతుంది. మీరు చూసిన ఇల్లు గల్లీ మొదట్లో ఉందా, చివర్లో ఉందా అన్నది కూడా అందుకే చూడాలి.

బోరు నీళ్లు తప్పనిసరైతే పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లా కేంద్రంలో ప్రయోగశాల ఉంది. బోరును పది నిమిషాలు వదిలేసి, ఒక లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి ఇవ్వండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. ఎండాకాలం మధ్యలో తీసిన నీటి లెక్క, వానలు పడ్డాక తీసిన లెక్క ఒకటి కావు. ఒక్కసారే చేయించేటట్లయితే ఏప్రిల్, మే నెలల్లో చేయించండి.

ఈ కొలతతో మీ మూడో ఇంటిని చూద్దాం. 9 వేల కిరాయి, కారుకు చోటు, చుట్టూ గాలి. కొత్త వెంచర్లలో చాలాచోట్ల నల్లా లైను ఇంకా రాదు, బోరూ ట్యాంకరే దిక్కు. అక్కడ ఆర్వో పెట్టుకుంటే అది శుద్ధి చేసేదానికన్నా బయటికి వదిలేసే నీళ్లే ఎక్కువ. కొన్న ట్యాంకరు నీళ్లను అలా కాలువలో పోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. ట్యాంకరు ఖర్చు కలిపితే ఎండాకాలం నెలల్లో ఆ 9 వేలు 9 వేలుగా ఉండవు. స్కూలు వ్యాను ఊరి చివర పిల్లలను పొద్దున అందరికన్నా ముందు ఎక్కించుకుంటుంది, సాయంత్రం అందరి తర్వాత దింపుతుంది. నాలుగేళ్ల పిల్ల రోజూ ముప్పావు గంట వ్యానులో ఊగుతుంది. 700 మీటర్లు ఎండలో నడిచి రోడ్డెక్కి ఆటో పట్టే ఓపిక అత్తమ్మకు లేదు. మీరిద్దరూ బయటికి పోయిన రోజు ఆమె ఆ ఇంట్లో బందీ. (ఒక చిన్న సంగతి. ఫ్లోరైడ్ వార్తల్లో మీ అమ్మగారు వినే మర్రిగూడ మండలం, ఈ మర్రిగూడ బైపాస్ ఒకటి కావు. అది దేవరకొండ వైపు దూరంగా ఉన్న మండలం. పేరు చూసి బెదరొద్దు, బోరు చూసి నిర్ణయించుకోండి.) నల్లా లైను వచ్చి, ఇంట్లో అందరూ బండి నడపగలిగిన వాళ్లయితే ఆ ఇల్లు చౌక బేరమే. మీ ఇంటికి ఇప్పుడది సరిపోదు.

మిగిలిన రెండింటికీ ఒక కాగితం మీద వారం లెక్క వేయండి. మీవారు బ్యాంకుకు పోయి రావడం ఆరు రోజులకు 12 సార్లు. రెండో, నాలుగో శనివారాలు సెలవు, ఆ వారం 10. పాప బడి 12. అత్తమ్మ గుడి 14. మీ హైదరాబాద్ 4. మొత్తం 42 రాకపోకల్లో మీవి నాలుగు. అయితే ఆ నాలుగే అన్నిటికన్నా పొడుగైనవి. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ చేరేసరికి రెండు గంటలు దాటుతుంది. అక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగి ఆఫీసు మెట్లెక్కేసరికి మూడున్నర గంటలు వేసుకోవాలి. ఇంటి నుంచి బస్‌స్టేషన్‌కు ఆటోలో పది నిమిషాలు తగ్గినా పెరిగినా ఈ మూడున్నర గంటల్లో ఎంత తేడా?

పైగా గుమ్మం ముందు బస్సు అన్నది అనుకున్నంత సుఖం కాదు. నాన్‌స్టాప్ బస్సులకు టికెట్లు బస్‌స్టేషన్‌లోనే ఇచ్చి, సీట్లు నిండాక కదిలిస్తారు. దారిలో చెయ్యెత్తితే ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి, 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు వాటిలో ప్రయాణం ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కానీ హైదరాబాద్ రోడ్డులో ఎక్కేసరికి సీట్లుండవు, రెండు గంటలు నిలబడాలి. సీటు కావాలంటే అపార్ట్‌మెంటులో ఉన్నా వెనక్కి బస్‌స్టేషన్‌కే పోతారు. మరి ఆ ఇంటికి మీరు ఎక్కువ కట్టే రెండున్నర వేలు, మెయింటెనెన్స్ దేనికోసం? రైలు మీద మనసు పడొద్దు. బండ్ల వేళలు ఆఫీసు వేళలకు కలవవు. ఊళ్లకు పోవడానికి బాగుంటుంది.

మీ అలసట నిజంగా తగ్గాలంటే ఇంటికన్నా ఆఫీసు రోజులను కదపడం మేలు. సోమ, గురువారాలు పోతే నాలుగు ప్రయాణాలు. మంగళవారం పొద్దున పోయి, రాత్రి హైదరాబాద్‌లో ఉండి, బుధవారం సాయంత్రం తిరిగివస్తే రెండే. అక్కడ చుట్టాలుంటే సరే, లేకపోతే లేడీస్ హాస్టళ్లలో రోజు లెక్కన ఇచ్చేవి అడగండి. దీనివల్ల వారానికొక రాత్రి పాపకు అమ్మ ఉండదు. మీవారు ఆ సాయంత్రం బ్యాంకు నుంచి వేళకు రావాలి, అన్నం ఆయన పెట్టాలి. ఈ మాట ఇంట్లో ముందే కుదుర్చుకోకపోతే ఆ రాత్రి భారం అత్తమ్మ మోకాళ్ల మీద పడుతుంది. మీ పై అధికారి వరుస రోజులు ఒప్పుకుంటారో లేదో ఇల్లు ఖాయం చేయకముందే తెలుసుకోండి.

అపార్ట్‌మెంటుకు ఇంకో చిక్కుంది. పై అంతస్తు. నల్గొండ జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఇంట్లోకి వేడి వదులుతుంది. ఇంటి నుంచి పనిచేసేది మీరే, ఆ గదిలో ఎనిమిది గంటలు కూర్చునేదీ మీరే, ఏసీ బిల్లు కట్టేదీ మీరే. సాయంత్రం నాలుగింటికి పోయి పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, సంగతి తెలిసిపోతుంది. కరెంటు పోతే లిఫ్టుకు జనరేటరు ఉందా, ఉన్నది పనిచేస్తుందా అని వాచ్‌మన్‌ను అడగండి. అది లేకపోతే అత్తమ్మకు మూడంతస్తుల మెట్లు.

అలాగని రామగిరి ఇల్లు తీసేసుకోండి అని కూడా అనలేను. నల్లా నీళ్లకు, బ్యాంకుకు, బడికి, సీతారామచంద్రస్వామి గుడికి ఆ చోటు మీకు అన్ని విధాలా సరిపోతుంది. కారు గల్లీ బయట పెట్టుకోవాలి, దాన్ని భరించొచ్చు. తేల్చాల్సింది మెట్ల సంగతి. పది అడుగుల ఎత్తుకు మెట్టు ఏడంగుళాలుంటే 17 మెట్లు. పాత ఇళ్లలో మెట్టు తొమ్మిది అంగుళాలు ఉండడం మామూలే, అప్పుడు మెట్లు తగ్గుతాయి కానీ ఒక్కో మెట్టూ మోకాలిని పొడుస్తుంది. టేపు తీసుకుపోయి కొలవండి. పట్టుకోవడానికి కమ్మీ ఉందా చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచిన గల్లీల్లో గుమ్మాలు రోడ్డు కన్నా కిందికి పోతాయి. కింది గోడ మీద నీటి మరక గీత ఉంటే వాన నీళ్లు అంతదాకా వచ్చాయని అర్థం. మీది పై పోర్షను కాబట్టి నీళ్లు ఇంట్లోకి రావు, కానీ సంపులోకి పోతాయి, సంపు మూత గట్టు ఎంత ఎత్తుందో చూడండి.

అత్తమ్మ "ఎక్కడైనా ఒకటే" అన్నది జవాబుగా తీసుకోకండి. కొడుకుకూ కోడలికీ మధ్య మాట పెరగొద్దని పెద్దవాళ్లు అనే మాట అది. ఏ ఇల్లు కావాలని కాకుండా, పొద్దున గుడికి ఎంత దూరం నడవగలవు, రోజుకు ఎన్నిసార్లు మెట్లు దిగగలవు అని అడగండి. అప్పుడు చెబుతుంది.

ఆమె జవాబును బట్టి నాలుగో దారి తెరుచుకోవచ్చు. రామగిరిలోనే కాక వి.టి. కాలనీ, రవీంద్రనగర్ లాంటి పాత కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్లు వెతకండి. ఫోన్లో కనిపించే ఇళ్లు కొన్నే. టు-లెట్ బోర్డులు గల్లీల్లో నడిస్తేనే కనబడతాయి, కిరాణా కొట్టులో అడిగితే బోర్డు పెట్టనివి కూడా తెలుస్తాయి. బళ్లు తెరిచే జూన్ ముందు గిరాకీ ఎక్కువ. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ, అప్పటికీ ఖాళీగా ఉన్న ఇంటాయన కిరాయి దగ్గర కొంచెం దిగుతాడు. మీకు పట్టింపు లేకపోతే అది మంచి సమయం. గ్రౌండ్ ఫ్లోర్‌లో దోమలు, వాన నీళ్లు ఎక్కువ, బోరు దగ్గరుంటే సెప్టిక్ ట్యాంకుకు 50 అడుగులన్నా ఎడం ఉండాలి. వీటికి సిద్ధపడితే మీ నలుగురికీ అన్నిటికన్నా తక్కువ కష్టం ఉండే ఇల్లు అదే అవుతుందని నా అభిప్రాయం.

ప్లాటు సంగతి. మీ ఆడబిడ్డ భర్త మీ మేలు కోరే చెబుతున్నారు, కానీ ఇల్లు, ప్లాటు అనే రెండు మాటలను ఒకే ముడి వేశారు. బ్యాంకు వాళ్లకు మళ్లీ బదిలీ వస్తుంది. 18 లక్షలు ప్లాటులో పెడితే చేతిలో ఏమీ మిగలదు, కట్టుకోవడానికి మళ్లీ అప్పు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఊళ్లో ఉండి చూస్తే ఏ వైపు నీళ్లు ఎండుతాయో, ఏ వైపు నీళ్లు నిలుస్తాయో మీకే తెలుస్తుంది. ఆలోగా ధర పెరగొచ్చు, దానికి సిద్ధపడాలి. ఇప్పుడే కొనాలనుకుంటే మాత్రం లేఅవుట్‌కు అనుమతి నంబరు, వ్యవసాయేతర మార్పిడి కాగితం, 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) తెప్పించుకోండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. దగ్గర చెరువుంటే నీటిపారుదల శాఖ నుంచి ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, తెలుసుకోండి. 25 ఎకరాలకు తగ్గని చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టనివ్వరు.

ఆయనకు ఈ మాట మీరు చెప్పకండి, మీవారితో చెప్పించండి. "బావా, ఒక ఏడాది కిరాయికుండి నీళ్లెట్లుంటయో చూసుకుంటం, ఆ ప్లాటు కాగితాలు మాత్రం నువ్వే తెప్పించి పెట్టు" అంటే ఆయన పెద్దరికమూ నిలుస్తుంది, మీ ఆడబిడ్డకూ నొప్పి తగలదు.

కిరాయి కాగితం 11 నెలలకు రాసుకోండి. మీ పోర్షనుకు కరెంటు మీటరు విడిగా ఉండాలి. రెండు పోర్షన్లకు ఒకటే మీటరైతే యూనిట్లు కలిసి ఎక్కువ రేటుండే పై స్లాబుకు పోతాయి, ఏసీ మీది కాకపోయినా బిల్లు మీ మీద పడుతుంది. అడ్వాన్సు ఇచ్చే రోజే మీటరు రీడింగు, గోడలు, నల్లాలు ఫోన్లో ఫొటో తీసి ఇంటాయనకు పంపండి.

వచ్చే ఆదివారం అత్తమ్మను వెంట తీసుకుపోండి. రామగిరి మెట్లు ఆమెతో రెండుసార్లు ఎక్కించి దింపండి, మొదటిసారి ఎవరైనా ఎక్కేస్తారు. నల్లా వచ్చే వేళకు పోయి, వంటింట్లో ఒక సీసా పట్టుకుని రండి.